బల్ల మీది తెల్ల రొట్టె

పోయిన నెల మార్కాపురంలో డాక్టరు నా రక్తపరీక్ష కాగితాలు చూసి, "మైదా పూర్తిగా మానెయ్యండి మేడమ్, అది విషం" అన్నాడు. నా మనవడి వయసు ఉంటుంది. నేను నవ్వితే బిత్తరపోయాడు. ఆస్పత్రి గేటు దాటగానే ఒక పరోటా బండి, దాని పక్కన బేకరీ, ఆ బేకరీకి ఎదురుగా ఇంకో బేకరీ. పరోటా మాస్టరు పిండిముద్దను గుడ్డలా విసిరి విసిరి రేకు మీద కొడుతున్నాడు. గోడకు సినిమా పోస్టరు అతికిస్తున్నవాడు మైదా గంజి బకెట్టు కింద పెట్టి అటు తిరిగితే వీధికుక్క వచ్చి నాకుతోంది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండింది. కుక్క ఏం చేసింది పాపం. ఒకప్పుడు ఇదే పిండి మా పల్లెకు నెలకోసారి, చిన్న గుడ్డసంచిలో, పసిబిడ్డను మోసుకొచ్చినట్టు వచ్చేది. ఆ పిండి మూలంగానే మా అమ్మ బతికినన్నాళ్ళూ గుడిలో చిట్టచివరి వరసలో, గోడకు ఆనుకుని, ఒట్టి చేతులతో కూర్చుంది. అది విషమని ఈ అబ్బాయి నాకు కొత్తగా చెప్పాలా?

మాది కంభానికి ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణం. అప్పట్లో కర్నూలు జిల్లా, మద్రాసు గవర్నమెంటు. ఊరికి దూరంగా, వాగు ఒడ్డున మా క్రైస్తవ పల్లె. మగవాళ్ళు ఊళ్ళో రైతుల దగ్గర జీతాలకు ఉండేవాళ్ళు, ఆడవాళ్ళు కలుపులకూ కోతలకూ పోయేవాళ్ళు. పొద్దున జొన్న సంగటి, మధ్యాహ్నం మిగిలిన సంగటి, రాత్రికి సజ్జరొట్టె, దాంట్లోకి గోంగూర తొక్కో ఎండుమిరపకాయల కారమో. వరన్నం పండక్కి. గోధుమలు చూసినవాళ్ళు మా పల్లెలో వేళ్ళ మీద లెక్క. ఇక మైదా అంటే మా అవ్వ, నాయన తల్లి, చిటికెడు తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, "ఇదేంది పిండా, సున్నమా? దీన్ని గోడకు పూసుకోవాల గానీ తింటారా ఎవురన్నా" అనేది. అని, ఎవరూ చూడకుండా ఆ చిటికెడూ నోట్లో వేసుకునేది.

కంభం బజారులో మైదా అమ్మే దుకాణం ఒకటే ఉండేది. మద్రాసు నుంచి రైల్లో మూటలు దిగేవి. వాటిని కొనేవాళ్ళు మూడు రకాలు. సంతలో జిలేబీలు వేసే మిఠాయివాళ్ళు, పెళ్ళిళ్ళకు ఓళిగలు చేయించే పెద్ద రైతులు, మిషను బంగళాల దొరలు. మిగతా జనానికి ఆ మూటకు కుట్టిన గుడ్డ కావాలి. మా పల్లె ఆడపిల్లల లోపావడాలన్నీ ఆ గుడ్డవే. ఎన్ని చవుడు నీళ్ళలో ఉడకబెట్టినా మిల్లు ముద్ర పోయేది కాదు. నా వెనకభాగాన ఒక ఎర్ర ఏనుగు బొమ్మ మూడు వేసవులు ఊరేగింది. అది దొరల బట్ట అని నేను గొప్పలు పోయేదాన్ని.

మా అమ్మ శాంతమ్మ పెళ్ళికి ముందు మిషను బంగళా వంటింట్లో పనిచేసింది. అక్కడ బట్లరు దావీదు ఆమెకు స్వయానా మేనమామ, నాకు తాత వరస. తెల్లకోటు తొడుక్కుని, మీసాలకు నూనె రాసుకుని, దొర కంటే దొరలా ఉండేవాడు. దొరసానికి రొట్టె లేకుండా పొద్దు పొడవదు. రొట్టె పొంగాలంటే పొంగించేది ఏదో ఒకటి ఉండాలి కదా. దావీదు తాతకు తెలిసింది ఈతకల్లు. వాగులో ఈతచెట్లు గీసే ఈడిగాయన పొద్దున్నే పెరటి గోడ మీద ఒక చిన్న ముంత పెట్టి పోయేవాడు. తాత దాన్ని వడగట్టి, మైదాలో పోసి, కాస్త చక్కెర వేసి పిసికి, తడిగుడ్డ కప్పేవాడు. పొద్దు వాలేసరికి పిండి కడుపుతో ఉన్నదానిలా అయ్యేది. ఆ దొర, తాలూకా అంతా తిరిగి, కల్లు తాగేవాడు నరకానికి పోతాడని చెట్ల కింద ప్రసంగాలు చేసిన దొర, ఇంటికొచ్చి ఆ రొట్టెకు వెన్న పూసుకుని తినేవాడు. ఎంత మెత్తగా ఉందో అని మెచ్చుకునేవాడు కూడానట. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. బంగళాలో కల్లు పిసికినా పాలే.

అమ్మకు ఆ పని నేర్పేటప్పుడు దావీదు తాత ఒక మాట చెప్పాడు. "శాంతా, దీన్ని కల్లు అనగూడదు. ముంతలో ఉన్నంతసేపే అది కల్లు. పిండిలో పడినాక అది పొంగు." అమ్మ ఆ మాటను వాక్యంలా నమ్మింది. చదువు లేని మనిషి అని కాదు, పెద్దవాడు చెప్పాడు, దొరలు తింటున్నారు, ఇంకేం కావాలి? కల్లు వేరు, పొంగు వేరు. మా ఇంట్లో కల్లు ముంత అడుగుపెడితే చీపురు తిరగేసే మనిషి, నెలకోసారి తనే ఈడిగాయన దగ్గరికి పోయి, "అన్నా, రొంత పొంగు పొయ్యి" అని గిన్నె పట్టేది. ఆయనా ఆ పేరే అనేవాడు.

బల్లారాధనకు, అంటే ప్రభువు రొట్టె విరిచి పంచుకునే ఆదివారానికి, మా పల్లెలో మొదట జొన్నరొట్టె వాడేవారు. అది దొరసానికి నచ్చలేదు. బంగళా నుంచి రొట్టె పంపితే బండిలో వచ్చేసరికి పలకలా అయ్యేది. చివరికి ఆమె మైదా పంపి, "శాంతమ్మా, నీవు ఇచ్చట నేర్చితివి కదా, నీవే చేయుము" అన్నదట. అలా ఆ పని మా ఇంటికి వచ్చింది. కూలికి పోయే ఆడమనిషికి పల్లెలో అంతకంటే పెద్ద గౌరవం లేదు. శనివారం సాయంత్రం అమ్మ తలస్నానం చేసి, కొంగు నడుముకు చెక్కి, పిండిని సన్నజల్లెడతో పట్టేది. జల్లెడ కింద పిండి రాలుతుంటే చప్పుడే ఉండేది కాదు, సజ్జపిండికి ఉండే గరగర దానికి లేదు. ఆ పనిలో ఉన్నంతసేపూ ఎవ్వరితోనూ మాట్లాడేది కాదు. ఆదివారం తెల్లవారుజామున మట్టి మూకుడులో ముద్దను పెట్టి, పైన ఇంకో మూకుడు బోర్లించి, కిందా మీదా పిడకల నిప్పులు పోసేది. కొంచెం పులుపూ కొంచెం తీపీ కలిసిన ఆ వాసన పల్లె మొత్తం పాకేది. వాసన తగిలితే బల్లారాధన అని జనానికి తెలిసేది. రొట్టె చల్లారాక అంచులు కోసేసి, తెల్లటి నడిమి భాగం మాత్రం గుడ్డలో చుట్టి పంపేది. అంచులు మావి. ఇన్నేళ్ళలో ఎన్నో రకాల రొట్టెలు తిన్నాను, ఆ అంచు రుచి మళ్ళీ తగల్లేదు. రొట్టెతో పాటు ఇచ్చేది పులిసిన ద్రాక్షరసం కాదు, ఎండుద్రాక్ష నానబెట్టిన నీళ్ళు. సారాయి చుక్క కూడా సంఘంలోకి రాకూడదని దొరలకు అంత పట్టింపు.

ఆ పట్టింపు ఎంతటిదో మా నాయనకు తెలుసు. నేను పుట్టకముందు ఒక పెళ్ళిలో తాగాడని ఆయన్ను బల్ల నుంచి ఆపారు. ఆపడం అంటే, అందరిలో కూర్చోవచ్చు, పాటలు పాడొచ్చు, రొట్టె పళ్ళెం మాత్రం తన ముందు ఆగకుండా వెళ్ళిపోతుంది. చచ్చేదాకా మారకపోతే గుడి వెనక సమాధుల దొడ్డిలో చోటు ఉండదు, వాగు గట్టున పూడ్చుకోవాల్సిందే. నాయన కొన్ని నెలలు ఓర్చుకుని, ఒక ఆదివారం అందరి ముందూ లేచి "తప్పయింది" అన్నాడు, పళ్ళెం మళ్ళీ ఆగింది. నాయనకు అదొక మాట, అంతే. వాన పడితే గొడుగు పట్టుకున్నట్టు.

నాకు ఊహ తెలిసిన తర్వాత కొత్త అయ్యగారు వచ్చాడు, కోస్తా వైపు మనిషి. సంఘం నడపడానికి మిషను పంపిన పాదిరి. మనిషి చెడ్డవాడని చెప్పను. నియమం అంటే నియమం అనే రకం. ఆయన భార్యను మేం అమ్మగారూ అనేవాళ్ళం. ఆమెకు మా పల్లె నచ్చలేదు, మా నీళ్ళు నచ్చలేదు, మా యాస అసలే నచ్చలేదు. మొదటి బల్లారాధన అయ్యాక మా ఇంటి ముందు ఆగి, "ఏం శాంతమ్మా, రొట్టె ఇంత మెత్తగా ఎలా వచ్చిందీ? నేను చేస్తే రాయిలా వస్తుంది" అంది. అంత పెద్ద మనిషి తన గుమ్మంలోకి వచ్చి అడిగేసరికి అమ్మ ముఖం వెలిగిపోయింది. కూర్చోబెట్టి, జల్లెడ నుంచి మూకుడు దాకా మొత్తం చెప్పింది. "పొంగు మాత్రం చెట్టు దించిన గంటలోనే పొయ్యాల అమ్మగారూ, పులిసిందంటే రొట్టె చేదెక్కుతాది" అని కూడా చెప్పింది.

"చెట్టు దించినదా? ఏ చెట్టు?"

"ఈతచెట్టు అమ్మగారూ."

అమ్మగారు లేచిపోయింది. ఆమె ఎందుకు లేచిపోయిందో అమ్మకు అర్థం కాలేదు, మజ్జిగ తాగి పొమ్మని వెనకాలే గుమ్మం దాకా వెళ్ళింది.

తర్వాతి ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు అందరినీ కూర్చోమన్నాడు. అమ్మను లేచి నిలబడమన్నాడు. ప్రభువు శరీరమైన రొట్టెలో కల్లు కలిపావా అని అడిగాడు. అమ్మ ముందు తబ్బిబ్బయింది, తర్వాత ఉన్నదున్నట్టు చెప్పింది.

"పోసినాను అయ్యగారూ. అది తప్పని ఎవురూ చెప్పలేదు. బంగళాలో మా మామ అట్లనే పోస్తాడు, నాకు అట్లనే నేర్పినాడు. దొరగారూ దొరసానమ్మా దినామూ తినేది ఆ రొట్టెనే."

అయ్యగారి ముఖం తెల్లబోయింది. అసలు కోపం కల్లు మీద కాదని ఆ క్షణంలోనే ఎవరికైనా తెలుస్తుంది. "నీ తప్పు నువ్వు ఒప్పుకో, క్షమించవచ్చు. దైవసేవకుల మీద నింద వెయ్యకు. బంగళా మాట అబద్ధమని ఇక్కడే, అందరి ముందూ చెప్పు."

"నేను పోసింది తప్పంటే తప్పేనయ్యగారూ, వంద మాట్లు ఒప్పుకుంటాను. బంగళాలో పొయ్యలేదని మాత్రం ఎట్ల చెప్పేది? పోసింది నేను చూసినాను కదా."

పెద్దలు తలలు వంచుకున్నారు. నాయన పక్క నుంచి కొంగు లాగాడు. అమ్మ కూర్చోలేదు, ఆ మాట అనలేదు. ఆ రోజు అమ్మను బల్ల నుంచి ఆపారు.

అమ్మకు మాత్రం నమ్మకం పోలేదు. దొరసాని ఒక్క మాట చెబితే చాలు అనుకుంది. నన్ను వెంటబెట్టుకుని బంగళాకు బయల్దేరింది. దొరసాని వరండాలోకి వచ్చి అంతా ఓపిగ్గా వింది. ఆమెకు నిజంగానే తెలియదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. వంటింట్లో ఏం జరుగుతుందో తెలుసుకునే అవసరం దొరసానులకు ఎందుకుంటుంది? దావీదు తాతను పిలిపించింది. "దావీదూ, నీవు మా రొట్టెలో కల్లు పోయుచున్నావా?" అని అడిగింది.

తాత చేతులు కట్టుకున్నాడు. అమ్మ వైపు చూడలేదు. "లేదమ్మా. సోడాపొడి వేస్తాను. కల్లు నేను ముట్టను, తమకు తెల్వదా."

నేను వంటింటి గడప దగ్గరే ఉన్నాను. లోపల గూట్లో తడిగుడ్డ కప్పిన గిన్నె ఉంది, మా ఇంట్లో శనివారం వచ్చే వాసనే అక్కడా వస్తోంది. అమ్మ ముక్కు నాకంటే పదునైనది. గుడ్డ తీసి చూపిస్తే అయిపోయేది. ఆమె తీయలేదు. మామ మెడలోంచి చెమట తెల్లకోటు మీదికి కారడం చూస్తూ నిలబడింది, తర్వాత "వస్తానమ్మా" అని దొరసానికి దండం పెట్టి మెట్లు దిగింది. దారి పొడుగునా నేను ఏడుస్తూనే ఉన్నాను. ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెప్తే ఆ ముసలోని కూడు పోతాది. నాకు పోయేది రొట్టెముక్క" అంది. పోయింది రొట్టెముక్క కాదని ఆమెకూ తెలుసు.

ఆ తర్వాత పిండిసంచి అయ్యగారింటికి పోయేది. అమ్మగారి రొట్టె అన్నట్టే రాయిలా వచ్చేది, ముసలివాళ్ళు దవడలో పెట్టుకుని పాట అయిపోయేదాకా చప్పరించేవాళ్ళు. రెండు మూడు బల్లలు చూసి, రైలు స్టేషను దగ్గర ఒక సాయిబు నడిపే బేకరీ నుంచి తెప్పించడం మొదలుపెట్టారు. ఆ రొట్టె దూదిలా ఉండేది. దాని వాసన మా మూకుడు వాసనే. సాయిబు గుమ్మంలో రోజూ పొద్దున దిగేది ఏ ముంతో ఆ బజారంతా చూసేది. సాయిబును ఎవరూ లేచి నిలబడమనలేదు. కొనుక్కొచ్చిన రొట్టెకు పాపం అంటదు కాబోలు. యుద్ధం వచ్చి మైదా కంట్రోలులోకి పోయి, ఒక్కోసారి పురుగు పట్టిన పిండి, ఒక్కోసారి అదీ లేక, బేకరీ మూతబడ్డ రోజుల్లో మళ్ళీ జొన్నరొట్టే విరిచారు. జొన్నరొట్టెలో పొంగు అవసరం లేదు కదా, అదైనా అమ్మను తట్టనిస్తారేమో అనుకున్నాను. లేదు. ప్రతి బల్లకూ పళ్ళెం వరసల వెంట వచ్చేది, అమ్మ ముందు ఆగకుండా నా దగ్గర ఆగేది. అమ్మ ఒళ్ళో చేతులు పెట్టుకుని పాట పాడుతూనే ఉండేది. పల్లెలో అందరికంటే మంచి గొంతు ఆమెది.

అయ్యగార్లు మారారు. వచ్చిన ప్రతివాడూ ఒకసారి కబురు పెట్టేవాడు, బంగళా మాట వెనక్కి తీసుకుంటే సరిపోతుందని. నాయన బతిమాలేవాడు. "ఒక్క మాట. గాలికి పోయే మాట. అంటే నీ సొమ్మేం పోతాది?" అమ్మ పొయ్యిలోకి పుల్ల ఎగదోస్తూ, "నా సొమ్ము అదొక్కటే ఉండాది" అనేది.

దేశానికి స్వతంత్రం వచ్చాక దొరలు వెళ్ళిపోయారు. తనను వెంట తీసుకుపోతారని దావీదు తాత అనుకున్నట్టున్నాడు. పాత కోటూ ఒక ఇనప్పెట్టే ఇచ్చి పోయారు. చూపు మందగించి, ఎవరూ లేక, మా గుమ్మంలోకే వచ్చి కూర్చున్నాడు. నేనైతే తలుపు వేసేదాన్ని. అమ్మ గిన్నెలో సంగటి పెట్టి, పులుసు కలిపి చేతికిచ్చింది. కొన్నాళ్ళకు ఆయనే అన్నాడు, "శాంతా, ఈ ఆదివారం నేను లేచి చెప్తాను. ఇంక నాకేం భయం."

"కూచో మామా," అంది అమ్మ. "ఇప్పుడు చెప్తే నిన్నూ ఆపుతారు. నువ్వు పోతే వాగు గట్టున పూడుస్తారు. ఇంటికి ఒక్కరు చాలు."

ఆ ఆదివారం ఆయన లేవలేదు. ఆ మాట వినడానికే అడిగాడేమో అని నాకు ఇప్పటికీ అనుమానం. నెలనెలా పళ్ళెం ఆయన ముందు ఆగింది, అమ్మ వండిన సంగటి తిన్న చేత్తోనే రొట్టె అందుకున్నాడు. పోయినప్పుడు గుడి వెనక దొడ్లో మంచి చోటు ఇచ్చారు. నమ్మకమైన దాసుడని అయ్యగారు ప్రసంగం చేశాడు. అమ్మ ఆడవాళ్ళ వెనక నిలబడి వింది.

ఆంధ్ర రాష్ట్రం రాకముందే అమ్మ పోయింది. నేను టీచరు ట్రైనింగు నుంచి వచ్చి ఆఖరి రోజులన్నీ ఆమె మంచం పక్కనే ఉన్నాను. నీళ్ళు అడిగింది. కోళ్ళను గంప కింద కమ్మినారా అని అడిగింది. నన్ను సరిగ్గా తినమంది. ఇంకేమీ అనలేదు. శవం ఇంట్లో ఉండగా అప్పటి అయ్యగారు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. పడుచువాడు, జాలిగానే అడిగాడు. "చివరి ఘడియలోనైనా ఒప్పుకుందా? బంగళా మీద వేసిన నింద వెనక్కి తీసుకుందా? లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

నాయన తల ఎత్తాడు. "తీసుకున్నాది అయ్యగారూ. నా చెయ్యి పట్టుకొని చెప్పినాది. అంతా అబద్ధం, కడుపుమంటతో అన్నానని చెప్పినాది."

అంతే. గంట కొట్టారు. దొడ్డిలో గుంత తవ్వారు. తప్పిపోయిన గొర్రె చివరి ఘడియలో మందకు చేరిందని అయ్యగారు చెబుతుంటే పల్లె ఆడవాళ్ళంతా ఏడ్చారు, అమ్మ మీద ఉన్న మచ్చ పోయిందని సంతోషపడ్డారు. నేను ఇంటికొచ్చి నాయన మీద పడ్డాను. ఎందుకన్నావు ఆ మాట, ఎవరిచ్చారు నీకు హక్కు అని అరిచాను. ఆయన వాకిట్లో గొంతుక్కూర్చుని, నా ముఖం చూడకుండా, "వాగు గట్టున నక్కలు తోడుతాయి పాపా," అన్నాడు. "మీ అమ్మను నక్కలకు యెయ్యమంటావా?"

నాయనను క్షమించానో లేదో ఈనాటికీ చెప్పలేను. అమ్మ పక్కనే ఆయన్నూ పూడ్చారు, ఆ సంఘంవాళ్ళు ఇప్పటికీ మా అమ్మను చివరికి ఒప్పుకున్న శాంతమ్మ అనే చెప్పుకుంటారు. ఆ మంచం పక్కన ఉన్నవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే, అందుకే రాస్తున్నాను. మా అమ్మ ఒప్పుకోలేదు.